బడి గడప దాటి

(మన సంఘం సంక్రాంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమ పత్రికలో నా పేరు పక్కన "ప్రసంగం" అని అచ్చు వేశారు. నాకు ప్రసంగాలు రావండీ. గోదావరి గట్టు వెంబడి పల్లెటూరి బడుల్లో ముప్పైఅయిదేళ్ళు పాఠం చెప్పడమొకటే వచ్చు. 2020లో ఉద్యోగ విరమణ అయ్యాక, కోవిడ్ దారులు తెరిచిన వెంటనే, మా అమ్మాయి దగ్గరికి డబ్లిన్ వచ్చాను. అప్పటినుంచీ ఏటా కొన్ని నెలలు ఇక్కడే. ఇక్కడ నా ఉద్యోగం ఏమిటంటే, పొద్దున మనవణ్ణి బడిలో దిగబెట్టడం, మధ్యాహ్నం తీసుకురావడం. బడి గేటు దగ్గర అరగంట నిలబడితే ఒక దేశం గురించి తెలిసేటంత, పుస్తకాలు చదివినా తెలియదని నా అనుభవం.

నేను ఇవాళ మాట్లాడదలచుకున్నది ఆ గేటు గురించే. బడికీ ఇంటికీ మధ్య ఉండే ఆ నాలుగడుగుల చోటు గురించి. కాలం బాగున్నప్పుడు ఆ చోటు ఎవరికీ కనపడదు. కష్టకాలం వచ్చినప్పుడే అది గోతిలా తెరుచుకుంటుంది.

మొదట ఒక చిన్న సంగతి చెబుతాను, నవ్వుకోండి. నేను వచ్చిన కొత్తల్లో మా అమ్మాయి వెంట టీచర్‌తో సమావేశానికి వెళ్ళాను. ఆవిడ చిన్నమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో. మావాడి పుస్తకం ముందు పెట్టుకుని, "మీ అబ్బాయి చాలా దయగలవాడండీ, ఎవరైనా పడితే ముందు పరుగెత్తుకెళ్ళేది ఇతనే" అంది. మా అమ్మాయి "థాంక్యూ, మరి లెక్కల్లో ఎలా ఉన్నాడు?" అంది. ఆవిడ మళ్ళీ ఏదో స్నేహితుల సంగతి చెప్పింది. మావాళ్ళు మళ్ళీ లెక్కల సంగతే అడిగారు. పది నిమిషాలు అయిపోయాయి. బయటికి వచ్చాక అల్లుడుగారు, "అసలు విషయం ఏమీ చెప్పలేదు కదండీ" అన్నారు. నేనూ అవునన్నాను. ఆవిడ చెప్పినదే అసలు విషయమని నాకు నాలుగేళ్ళకు గాని తెలియలేదు. ముప్పైఅయిదేళ్ళు పంతులమ్మగా ఉన్నదాన్ని, నాకే తెలియలేదు.

మనవాళ్ళ తప్పు కూడా కాదు లెండి. మనం పెరిగిన బడి వేరు. "తోలు తీసినా సరే, వీడికి నాలుగు ముక్కలు రావాలి" అని పిల్లవాణ్ణి అప్పజెప్పి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయిన తండ్రులను నేను ఎందరినో చూశాను. అది నమ్మకం కాదూ అంటారు కొందరు. కాదు. అది వదిలేసుకోవడం. నమ్మకమంటే మాటా మాటా ఇచ్చిపుచ్చుకోవడం. బెత్తం ఉన్నచోట పిల్లవాడి నోట నిజం రాదు. పిల్లవాడి నోట నిజం రానిచోట తల్లిదండ్రులకూ తెలియదు, టీచరుకూ తెలియదు. అందరూ కలిసి ఏమీ తెలియకుండా ఏడాది గడిపేస్తారు.

ఈ దేశం కూడా ఏమంత తక్కువ తినలేదు. ఇక్కడి పెద్దవాళ్ళతో మాట్లాడి చూడండి, తోలుపట్టీతో అరచేతులు వాచిపోయిన కథలు చెబుతారు. ఇక్కడి బళ్ళలో కొట్టడం మానాలని నిబంధన వచ్చింది 1982 ఫిబ్రవరి 1న. అది నేరమని చట్టం రావడానికి 1997 దాకా పట్టింది. మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షనులో ఆ మాట రాసుకున్నాం. రాసుకున్నంత తేలికగా పోలేదని మీకూ తెలుసు.

ఇంకా వెనక్కి పోతే మరీ ఆశ్చర్యమేస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి పల్లెల్లో పిల్లల మెడలో ఒక కర్రముక్క కట్టేవారట, బతా స్కోర్ అని దాని పేరు. పిల్లవాడు ఐరిష్ మాట ఒకటి పలికితే ఆ కర్రమీద ఒక గంటు. సాయంత్రానికి ఎన్ని గంట్లుంటే అన్ని దెబ్బలు. ఇంట్లో గంటు పెట్టేది తల్లిదండ్రులే, దెబ్బలు వేసేది బడిపంతులు. బడీ ఇల్లూ అంత చక్కగా కలిసి పనిచేసిన సందర్భం మరొకటి ఉండదేమో! కలిసి పనిచేయడమొక్కటే మంచి కాదని అందుకే అంటున్నాను. ఎవరికోసం కలిశారన్నది చూడాలి. మనం నవ్వవలసిన పని లేదు. 2009లో మన కడప జిల్లా మైదుకూరులో ఒక బడిలో పిల్లలు తెలుగు మాట్లాడారని, ఇక మాట్లాడబోమంటూ రాసిన పలకలు మెడలో వేసి నిలబెట్టారు. నూటయాభై ఏళ్ళ ఎడంలో, రెండు దేశాల్లో, అదే మెడ, అదే పలక.

మరి బడికీ ఇంటికీ మంచి బంధం ఎక్కడా లేదా అంటే, ఉండేది. మన వీధిబడి పంతులుగారు దసరాకు ఏం చేసేవారో మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పిల్లలకు వెదురు విల్లంబులు పట్టించి, వాటికి కాగితపు పువ్వులు కట్టించి, పాటలు పాడించుకుంటూ ఊరంతా ఇంటింటికీ తిప్పేవారు. పంతులుగారికి దక్షిణ, పిల్లలకు పప్పుబెల్లాలు. మామూళ్ళ కోసం తిరుగుతారని వేళాకోళం చేసేవారు గాని, నేను మరొకటి గమనించాను. ఏడాదికి ఒక్కసారైనా పంతులు ప్రతి పిల్లవాడి గడపా తొక్కేవాడు. ఏ ఇంట్లో నూతికి గిలక లేదో, ఏ ఇంట్లో తాత మంచం పట్టాడో, ఏ ఇంట్లో దక్షిణ పెట్టడానికి తల్లి కొంగుముడి విప్పి తడుముకుందో ఆయనకు కనపడేది. ఇక్కడా అలాటిదే ఉండేది. కతోలికులు బడి పెట్టరాదని ఇంగ్లీషువాళ్ళు శాసించిన కాలంలో, పొదలచాటున, గడ్డివాముల్లో, పూరిపాకల్లో బడులు నడిచాయి. పొదబడులు అనుకోండి. పంతులుకు జీతం వెన్నముద్ద, గుడ్లు, పొయ్యిలోకి పీట్ బెడ్డలు. 1831లో ప్రభుత్వపు జాతీయ పాఠశాలలు వచ్చాక అవి మెల్లగా పోయాయి. చదువు పెరిగింది, రాతకోతలు పెరిగాయి. పంతులు మటుకు గడప తొక్కడం మానేశాడు.

ఇప్పుడు నా సొంత కథ ఒకటి చెప్పవలసి ఉంది. ఇది గొప్ప కోసం చెప్పేది కాదు.

1985లో నాకు మొదటి ఉద్యోగం. గట్టు మీద ఏకోపాధ్యాయ పాఠశాల, ఒక గది, ఒక వసారా. అయిదు తరగతులకూ నేనే టీచర్ని. ఏటికి ఆవల లంకలోంచి కొందరు పిల్లలు వచ్చేవారు. అందులో ఒకడు, తొమ్మిదేళ్ళవాడు, రోజూ ఆలస్యం. వచ్చినా నిద్రకు జోగేవాడు. చెప్పి చెప్పి విసిగిపోయి ఒకరోజు బెత్తం తీసుకుని రెండు వేశాను. వాడు ఏడవలేదు. మర్నాటినుంచి రాలేదు. కబురు పంపాను, రాలేదు. వాళ్ళ నాన్న వచ్చి అడుగుతాడనుకున్నాను, ఆయనా రాలేదు. "లంకవాళ్ళకు చదువెందుకండీ, వదిలేయండి" అన్నారు ఊళ్ళో పెద్దమనుషులు. వదిలేశాను.

1986 ఆగస్టు వచ్చింది. భద్రాచలం దగ్గర గోదావరి డెబ్బైఅయిదు అడుగులు దాటిన ఏడు. నా ఎరుకలో అంత వరద లేదు. లంకలన్నీ మునిగాయి. గట్టు మీద మిగిలినది మా బడి. రాత్రికి రాత్రి ఎనభైమంది చేరారు. నా బల్ల మీద ఎవరో పురిటిబిడ్డను పడుకోబెట్టారు. నల్లబల్ల తీసి వానజల్లుకు అడ్డం పెట్టాం. ఆ పిల్లవాడూ వచ్చాడు, వాళ్ళ నాయనమ్మను వీపున మోసుకుని. పది పన్నెండు రోజులు ఒకే కప్పు కింద, ఒకే గంజి తాగి బతికాం. అప్పుడు తెలిసింది నాకు. వాళ్ళ నాన్నకు కాలు విరిగి ఏడాది అయింది. తెల్లవారుజామున మూడింటికి లేచి, దోనె నడుపుకుని, పాలకేనులు ఈ గట్టుకు చేర్చేది ఆ తొమ్మిదేళ్ళవాడు. ఆ పని ముగించుకుని, తడిచొక్కాతో బడికి వచ్చేవాడు. ఆలస్యమని నేను కొట్టినది ఆ పిల్లవాణ్ణి.

వాళ్ళ నాయనమ్మను అడిగాను, "ఒక్కమాట వచ్చి చెప్పచ్చు కదమ్మా" అని. ఆవిడ అన్నది ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "మమ్మల్ని మీరు ఎప్పుడు లోపలికి రమ్మన్నారండీ, టీచరుగారండీ?" అంది. కోపంగా కూడా అనలేదు.

నీళ్ళు తీశాక వాడు మళ్ళీ బడికి వచ్చాడు. నేను బెత్తం గోదాట్లో పడేశానని కథల్లోలాగ చెప్పను. బెత్తం పోలేదు, వాడకం తగ్గింది. కాని ప్రతి శనివారం ఒంటిపూట బడి అయ్యాక ఇద్దరి ఇళ్ళకైనా వెళ్ళి రావడం అలవాటు చేసుకున్నాను. పిల్లల చదువు గురించి ఒక్కముక్క మాట్లాడేదాన్ని కాదు. అరుగు మీద కూర్చుని, వాళ్ళు ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేదాన్ని. ఏడాదిలో బడి నిండింది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఇదే పనిని ఈ దేశ ప్రభుత్వం ఒక ఉద్యోగంగా చేసి పెట్టిందని ఇక్కడికి వచ్చాక తెలిసి నిర్ఘాంతపోయాను. 1990లో, పేదరికం బాగా ఉన్న పేటల్లో 55 ప్రాథమిక పాఠశాలల్లో మొదలుపెట్టారు. ఇల్లు, బడి, సమాజం, ఈ మూడింటినీ కలిపే టీచరు. ఆ బడి టీచర్లలోనే ఒకరిని పాఠం నుంచి పూర్తిగా తప్పించి, ఈ పనిలో పెడతారు. కనీసం మూడోవంతు కాలం ఇళ్ళకు వెళ్ళి రావడమే ఆ ఉద్యోగం. అయిదేళ్ళకు మించి ఒకరినే ఉంచరు. మళ్ళీ తరగతిలోకి పంపి ఇంకొకరిని తెస్తారు. ఎందుకంటారా? ఇళ్ళు చూసివచ్చిన టీచరు మళ్ళీ పాఠం చెప్పినప్పుడు ఆ పాఠమే మారిపోతుంది. ఆ మెలకువ నాకు బాగా నచ్చింది. 2005 తరువాత ఇది డెయిష్ అనే పెద్ద పథకంలో భాగమయింది. ఇప్పుడు ఆ పథకంలో సుమారు 1,200 బడులున్నాయి. కొన్ని చోట్ల పొద్దున పలహారం కూడా బడిలోనే.

అన్ని బడులకూ ఈ టీచరు లేరు సుమండీ. మన పిల్లలు చదివే బడుల్లో చాలావాటికి లేరు. మనవాళ్ళు అద్దెలు, ఇళ్ళ ధరలు చూసుకుని కొత్తగా లేచిన కాలనీల్లో ఉంటున్నాం. అక్కడ బడీ కొత్తదే, టీచర్లూ కొత్తవాళ్ళే, మనమూ కొత్తవాళ్ళమే. ఎవరికీ ఎవరూ తెలియరు. ఆ టీచర్ల కష్టమూ చూడాలి. డబ్లిన్‌లో అద్దెలు కట్టలేక చిన్నవయసు టీచర్లు వేరే దేశాలకు వెళ్ళిపోతున్నారు. 2020 మార్చి 12న మూసిన బడులు, తెరిచి, మళ్ళీ మూసి, కుదుటపడేసరికి ఏడాది పైన పట్టింది. అంతలో 2022లో ఉక్రెయిన్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన పిల్లలు వేలమంది. ఒకే గదిలో పది పన్నెండు ఇంటిభాషలు. నా గట్టుమీది బడిలో అయిదు తరగతులు ఒకే గదిలో ఉన్నప్పుడు నాకున్న తలనొప్పే ఇది, కాస్త ఖరీదైన బెంచీల మీద.

ఇక్కడ బడి మీద నమ్మకం కుదరడానికి మనబోటివారికి మరొక అడ్డు కూడా ఉండేది. ఈ దేశంలో ప్రాథమిక పాఠశాలల్లో పదింట తొమ్మిది చర్చి ఆధ్వర్యంలోనివి. సీట్లు తక్కువైతే బాప్టిజం పొందిన పిల్లలకు ముందు ఇచ్చేవారు. 2007 సెప్టెంబరులో బాల్‌బ్రిగన్ పట్టణంలో ఏం జరిగిందో ఇక్కడి పాతకాపులకు తెలుసు. సీటు దొరకని పిల్లలకోసం హడావుడిగా ఒక బడి తెరిస్తే, చేరినవాళ్ళు దాదాపు అందరూ నల్లజాతి పిల్లలే. ఎవరూ కావాలని చేయలేదు. అయినా బడి తెరిచేసరికి అలా తేలింది. దేశమంతా సిగ్గుపడింది. చివరికి 2018 చట్టంతో కతోలిక ప్రాథమిక బడుల్లో ఆ బాప్టిజం మెలిక తీసేశారు. అంతకు చాలా ముందే, 1978లో, డాల్కీలో కొందరు తల్లిదండ్రులు అన్ని మతాల పిల్లలకూ ఒకే బడి అని పట్టుబట్టి తెరిచారు. ఇప్పుడు ఎడ్యుకేట్ టుగెదర్ అని మీరు వింటున్న బడులన్నీ ఆ విత్తనంలోంచి వచ్చినవే. అక్కడ పిల్లలు టీచర్ని పేరు పెట్టి పిలుస్తారు. మొదటిసారి విన్నప్పుడు నా గుండె ఆగినంత పనయింది. ఇప్పటికీ పూర్తిగా అలవాటు కాలేదు, దాచడమెందుకు.

నమ్మకం పూర్తిగా చచ్చిపోయిన చోట కూడా బడి ఏం చేయగలదో చూడాలంటే బెల్‌ఫాస్ట్ వైపు చూడాలి. 1981లో, నిరాహారదీక్షల్లో ఖైదీలు ఒకరి తరువాత ఒకరు ప్రాణాలు వదులుతున్న ఆ ఏడాది, కతోలికుల పిల్లలూ ప్రొటెస్టెంట్ల పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చోవాలని కొందరు తల్లిదండ్రులు లగన్ కాలేజీ తెరిచారు. చేరినది 28 మంది. బడికి భవనం లేక స్కౌట్లవాళ్ళ చోటులో మొదలుపెట్టారు. ఆ 28 మందిని పంపిన తల్లుల గురించి ఆలోచిస్తాను నేను. ఎంత గుండె దిటవు! ఇప్పుడు ఆ తరహా బడులు ఉత్తర ఐర్లండులో డెబ్బైకి పైగా ఉన్నాయి. మొత్తం బడుల్లో అవి ఇప్పటికీ తక్కువే.

2001లో అదే ఊళ్ళో ఆర్డోయిన్ పేటలో, హోలీ క్రాస్ ఆడపిల్లల బడికి నాలుగేళ్ళు మొదలు పదకొండేళ్ళ లోపు పసివాళ్ళు సైనికుల వరసల మధ్య, అరుపుల మధ్య, తల్లుల చేతులు పట్టుకుని నడిచారు. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా. ఆ దృశ్యం ప్రపంచమంతా టీవీలో చూసింది. అదే పేటలోని మగపిల్లల బడి గురించి 2021లో "యంగ్ ప్లేటో" అనే డాక్యుమెంటరీ వచ్చింది. కెవిన్ మెకారెవీ అని అప్పటి ఆ బడి హెడ్‌మాస్టరు. పిల్లలకు తత్వశాస్త్రం చెప్పేవారు. నవ్వకండి, ఏడెనిమిదేళ్ళ పిల్లలకే. కొట్టుకున్నవాళ్ళను కూర్చోబెట్టి, నీకు కోపం ఎక్కడ మొదలైంది, నువ్వు కొట్టకపోతే ఏమయ్యేది అని ప్రశ్నలు వేసి, వాళ్ళ ఆలోచనలు గోడమీద రాయించేవారు. మన బడుల్లోనూ తప్పు చేసినవాణ్ణి గోడ దగ్గరికే పంపేవాళ్ళం. కాకపోతే గోడకుర్చీ వేయించేవాళ్ళం.

ఐరిష్ టీచరు మన తెలుగుగడ్డ మీద పనిచేసిన సంగతి కూడా ఈ సభలో చెప్పుకోవాలి. బెల్‌ఫాస్ట్‌లో పుట్టి, డబ్లిన్‌లో బడిపంతులుగా పనిచేసిన కవి జేమ్స్ కజిన్స్ 1915లో మద్రాసు వచ్చి, తరువాత మదనపల్లె కళాశాలకు ప్రిన్సిపాలయ్యారు. ఆయన భార్య మార్గరెట్‌ది రాస్‌కామన్ జిల్లా బాయిల్ ఊరు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లెలో విడిది చేసినప్పుడు, విద్యార్థులూ అధ్యాపకులూ కలిసి పాటలు పాడుకునే సాయంకాలపు కూటమికి వెళ్ళి "జనగణమన" పాడారు. మార్గరెట్ దానికి స్వరలిపి రాసింది. మన జాతీయగీతం కథలో ఈ ముక్క అందరూ చెబుతారు. నాకు ముఖ్యమనిపించేది మరొకటి. ప్రిన్సిపాలూ విద్యార్థులూ కలిసి కూర్చుని పాటలు పాడుకునే సాయంకాలం ఒకటి ఆ కళాశాలలో ముందే ఉంది. అది లేకపోతే ఠాగూరు ఎక్కడ పాడేవారు? కజిన్స్ 1956లో మదనపల్లెలోనే కన్నుమూశారు.

ఇంక 2025 వేసవి మాట. ఎత్తకుండా పోదామనుకున్నాను, కాని పిల్లలకు తెలిసిన సంగతి పెద్దలం దాచి లాభం లేదు. జూలైలో టాలాలో ఒక భారతీయుణ్ణి దారుణంగా కొట్టారు. తరువాత వరసగా వార్తలు. ఆగస్టులో వాటర్‌ఫర్డ్‌లో ఇంటిముందు ఆడుకుంటున్న ఆరేళ్ళ భారతీయ పిల్లను తోటిపిల్లలు కొట్టారు. డబ్లిన్‌లో జరగవలసిన ఇండియా డే వాయిదా పడింది. అప్పటి అధ్యక్షులు మైకేల్ డి. హిగ్గిన్స్ ఈ దాడులను ఖండించి, మనవాళ్ళ సేవలను తలుచుకున్నారు. ఇరుగుపొరుగు కూడా తలుపుతట్టి పలకరించారు, అది మరిచిపోకూడదు. ఆ వాటర్‌ఫర్డ్ పిల్ల తల్లి, కొట్టిన పిల్లలను శిక్షించమని కోరలేదు. వాళ్ళకు మంచీచెడూ చెప్పి దారిలో పెట్టమంది. ఆ మాట పేపర్లో చదివి నేను చాలాసేపు అలా కూర్చుండిపోయాను. నాకు అంత పెద్దమనసు లేదు.

సెప్టెంబరులో బడులు తెరిచారు. మావాడు మధ్యాహ్నం డబ్బాలో పెరుగన్నం వద్దన్నాడు. శాండ్‌విచ్ పెట్టమన్నాడు. సరే, పెద్దవాడవుతున్నాడు అనుకున్నాం. తరువాత బడిదాకా రావద్దు అమ్మమ్మా, మూలమలుపు దగ్గరే ఆగిపో అన్నాడు. నేను చీర కట్టుకుంటాను, పైన కోటు. అప్పుడు నా మనసులో ఏదో కలుక్కుమంది. అయినా అడగలేదు. ఇంట్లో అనుకున్నదేమిటంటే, మనం తలవంచుకుని మన చదువేదో మనం చదువుకుంటే ఎవరూ మన జోలికి రారని. మీలో చాలామంది ఇళ్ళలోనూ ఇదే మాట అనుకుని ఉంటారు.

ఒకరోజు టీచరు మా అమ్మాయికి ఫోన్ చేసింది. "అన్ని ప్రశ్నలకూ ముందు చెయ్యెత్తేవాడు, రెండు వారాలుగా ఎత్తడం లేదు. ఇంట్లో ఏమైనా ఇబ్బందా?" అని. మా అమ్మాయి "ఏమీ లేదండీ, అంతా బాగానే ఉంది" అంది. ఫిర్యాదు చేస్తే పిల్లవాడి మీద కక్ష పెట్టుకుంటారేమోనని భయం. నేను పక్కనే ఉన్నాను. నాకు ఆ లంక నాయనమ్మ గుర్తొచ్చింది. మమ్మల్ని ఎప్పుడు లోపలికి రమ్మన్నారండీ అని అడిగింది కదా ఆవిడ. ఇక్కడ టీచరు రమ్మని పిలుస్తూంటే, మనం వాకిట్లో నిలబడి ఏమీ లేదంటున్నాం.

మర్నాడు నేను మూలమలుపు దగ్గర ఆగలేదు. నాకొచ్చిన ఇంగ్లీషుతోనే లోపలికి వెళ్ళి, కనిపించినదంతా చెప్పాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టింది, టీ ఇచ్చింది, మధ్యలో ఒక్కసారి కూడా గడియారం చూడలేదు. ఒక పిల్లవాడు వేసవి వార్తలు ఇంట్లో విని, మీరంతా వెళ్ళిపోవాలట కదా అని మావాణ్ణి రోజూ వేధిస్తున్నాడని, ఆ అన్నం డబ్బాను కూడా ఎగతాళి చేశాడని తరువాత తేలింది. ఆ పిల్లవాడూ తొమ్మిదేళ్ళవాడే.

ఇక్కడ ప్రభుత్వం 2024లో "బీ కిన్యాల్తా" అని కొత్త విధానం తెచ్చింది. "దయగా ఉండండి" అని దాని అర్థం. 2025 సెప్టెంబరు నుంచి ప్రతి బడీ దాన్ని పాటించాలి. మన పిల్లలను జాతి పేరు పెట్టి వేధించడం కూడా అందులో పేరు పెట్టి మరీ ఉంది. బడి తన విధానాన్ని పిల్లలనూ తల్లిదండ్రులనూ కలుపుకుని రాసుకోవాలి. వేధింపుకు గురైన పిల్లవాణ్ణీ, ఇంటివాళ్ళనూ ఏం చేస్తే బాగుంటుందని అడగాలి. ఇరవై బడిరోజులు దాటకుండా మళ్ళీ పలకరించి, ఆగిందా లేదా అని కనుక్కోవాలి. మీ పిల్లల బడి ఈ విధానం గురించి కాగితం పంపే ఉంటుంది. నేను అడిగితే మా అమ్మాయి ఈమెయిల్లో వెతికి తీసింది, చదవనే లేదు. మీరూ ఇంటికి వెళ్ళి వెతకండి. ఆ కమిటీల్లో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో కూడా చూడండి. రేపల్లా ఫలహారాల పండక్కి సమోసాలు పంపడంతో మన బాధ్యత తీరిపోయిందనుకుంటే ఎలాగండీ?

టీచరు మావాణ్ణి అడిగింది, ఏం చేయమంటావని. వీడేమన్నాడో తెలుసా? "వాణ్ణి తిట్టద్దు. ఆపమని చెప్పండి చాలు. ఇంకా, హర్లింగ్‌లో నన్ను గోల్‌కీపరుగా పెట్టండి" అన్నాడు. ఆ రెండో కోరిక ఎంతకాలంగా మనసులో ఉందో మాకు ఎవరికీ తెలియదు. మేము అడిగింది ఎప్పుడూ లెక్కల మార్కులే కదా.

అంతా సర్దుకుపోయిందని చెప్పలేను. ఆ పిల్లవాడి తల్లి గేటు దగ్గర నన్ను చూసి తల ఊపుతుంది, నేనూ ఊపుతాను. అంతకుమించి మాటల్లేవు. ఒకరోజు వాన దంచుతూంటే తన గొడుగులోకి రమ్మని సైగ చేసింది. వెళ్ళాను. ఇద్దరం పిల్లలు వచ్చేదాకా వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. ఈ దేశంలో ఆ మాటలకు కొరత లేదు.

టీచరు ఇరవైరోజులకు కాదు, పన్నెండోరోజుకే ఫోన్ చేసింది. ఈసారి మా అమ్మాయి లెక్కల ఊసెత్తలేదు. "ఎలా ఉన్నాడండీ?" అని అడిగి, ఆవిడ చెప్పినంతసేపూ విన్నది. ఆవిడను ఇవాళ ఈ పండుగకు పిలిచాం. వచ్చారు. అదిగో, నాలుగో వరసలో, మా మనవడి పక్కన కూర్చున్నారు. ఇంతసేపూ వాడు నా మాటలు ఆవిడ చెవిలో ఇంగ్లీషులో చెబుతూనే ఉన్నాడు. ఎంత సరిగ్గా చెబుతున్నాడో నాకు తెలియదు. తన గురించి చెప్పినప్పుడల్లా మటుకు ఆగిపోతున్నాడు.

చిన్నపిల్లలకు భోగిపళ్ళు పోయవలసిన వేళ మించిపోతోందని కార్యదర్శిగారు ఇందాకటినుంచీ గడియారం చూపిస్తున్నారు.